మూడు రకాల అరుపు

సాలిగ్రామంలో రెండో అంతస్తు.
కోడిగుడ్ల అట్టలు ఊడిపోతున్న గోడ.
ఏసీ ఆపాకే మైకు ఆన్ చేస్తాడు ఇళమారన్.
ఇరవై రెండేళ్లుగా నేను
హీరోయిన్ పక్కనుండే అమ్మాయి గొంతుని.
"ఏమైందే?" "వాడొచ్చాడే!" "ఊరుకో, ఏడవకే."
ఈ మూడు మాటలతో ఇంటద్దె కట్టాను.

ఇప్పుడు ఆటలొచ్చాయి.
అయిదు భాగాల ఆట, రెండు నెలలకొకటి.
ఓడరేవు ఊళ్లో ఒక కుర్రాడు అన్నని వెతుకుతుంటాడు.
నేను వాడికి తలుపు తీసే నాంచారిని.
పడవ టిక్కెట్లు అమ్ముతుంది, వయసు నలభై.
కాగితం మీద అంతే ఉంది.

మొదటి భాగంలో నాంచారికి చదువు రాదు.
ఉత్తరం కుర్రాడి చేతికిచ్చి
"నువ్వే చదివిపెట్టు బాబూ" అంటుంది.
ఆ "బాబూ" దగ్గర గొంతు దించాను,
సిగ్గుపడే మనిషి గట్టిగా అడగదు కదా.
రెండో భాగంలో పోలీసుల ముందు
నోటీసు గడగడా చదివేసింది.

ఆపి, అడిగాను.
హైదరాబాదు నుంచి ఫోన్లో ఫణిభూషణ్:
"ఈ భాగం రాసినవాళ్లు వేరేనండీ.
ఉన్నదున్నట్టు చెప్పేయండి."
ఉన్నదున్నట్టే చెప్పాను.
కాకపోతే మొదటి మాట మీద చిన్న తడబాటు,
రాత్రుళ్లు ఎవరికీ తెలియకుండా
అక్షరాలు కూడబలుక్కున్న మనిషిలా.
ఇళమారన్‌కి తెలుగు రాదు.
అద్దం అవతల బొటనవేలెత్తాడు. "ఓకే మేడమ్."

మూడో భాగంలో ఆవిడకి కుక్కలంటే హడల్.
మొదటి దాంట్లో గుమ్మంలోనే కుక్కుండేది,
దానికి పేరు కూడా, బొగ్గు.
అయితే బొగ్గు చచ్చిపోయి ఉంటుంది,
ఏ కుక్కలో చంపేసి ఉంటాయి, ఆవిడ కళ్లముందే.
బస్సులో కూచుని ఇలా సర్దుకుంటుంటే
వడపళని సిగ్నల్ దగ్గర కళ్లల్లో నీళ్లొచ్చాయి.
పక్క సీటావిడ "ఎన్నాచ్చుమ్మా?" అంది.
ఏమని చెప్పను?
లేని ఊళ్లో లేని కుక్క.

నాలుగో భాగంలో
ఇన్నాళ్లూ అన్నం పెట్టిన కుర్రాణ్ణి పట్టిచ్చింది.
డబ్బుకో, భయానికో, ఎక్కడా లేదు.
"కథకి మలుపు కావాలి కదండీ" అన్నాడు ఫణి.
ఆర్కాట్ రోడ్డులో మెట్రోకి తవ్విన చోట
మలుపు ముందు ఒక బోర్డైనా పెట్టారు బాబూ,
అందామనుకున్నాను. అనలేదు.

ఎందుకంటే, పదకొండేళ్ల కిందట
యూనియన్ మీటింగులో అనసూయ పేరు చెప్పింది నేనే.
ఆ పొద్దున ఆమె డబ్బాలోంచే పులిహోర తిన్నాను.
ఎందుకు చెప్పానో
నాకూ ఎవరూ రాసివ్వలేదు.

మాటలన్నీ వాళ్లవి,
ఊపిరి మాత్రం స్క్రిప్టులో ఉండదు.
"వాడు పైనున్నాడు" అనే ముందు
గాలి లోపలికి తీసుకుని, వదలకుండా పట్టుకున్నాను.
శుభ్రం చేసేటప్పుడు కోసేస్తాడేమోనని
ఆ రోజు భోజనానికి కూడా దిగలేదు,
ఇళమారన్ కుర్చీ వెనకే నిలబడ్డాను.
"మేడమ్, ఇంద బ్రెత్ వేణుమా?"
"వేణుం."

అయిదో భాగంలో మాటలే లేవు.
ఒకే ఒక్క వరస:
నాంచారి, అరుపు, మూడు రకాలు.
చిన్నది. ఒక మోస్తరు. పొడుగు.
ఆడేవాళ్లు ఏది ఎంచుకుంటే దాన్నిబట్టి.
"ఎక్కణ్ణుంచి పడుతుందండీ?"
"బొమ్మ ఇంకా రాలేదు. నీళ్లనుకోండి. లేకపోతే మేడ."

చిన్నది చదువు రాని నాంచారికిచ్చాను,
నోరు తెరిచేలోపే అయిపోయేది.
రెండోది పట్టిచ్చినామెకి.
అది రెండుసార్లు చేయాల్సొచ్చింది,
మొదటిసారి అరుపు రాలేదు.

పొడుగుదానికి కళ్లు మూసుకున్నాను.
గాలి అయిపోయే చోట, చిట్టచివర,
అరుపు కాస్త ఒక పేరులోకి ఒరిగింది.
గుమ్మంలో పడుకున్నదాన్ని పిలిచినట్టు.

బొటనవేలు. "ఓకే మేడమ్."
ఏసీ వేశాడు.
వోచరు మీద సంతకం పెట్టి మెట్లు దిగాను.